కుర్చీలోంచి వచ్చే మాట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు, మెయిల్స్ అన్నీ ముందేసుకుని కూర్చుంటే సగానికి పైగా ఒకటే సంగతి. పెద్ద పోస్టుల్లో ఉన్నవాళ్లు రిజర్వేషన్ల మీద అనేసే మాటలు, ఆ మాటలు పట్టుకుని ఇళ్లల్లో ఆఫీసుల్లో జరిగే గొడవలు. మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి పెట్టి ఈ పేజీలన్నీ దీనికే ఇస్తున్నా. నేను రెవెన్యూలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యా, ఎడమ కాలికి పోలియో, చిన్నప్పట్నుంచీ కాలిపర్, అంటే కాలికి కట్టే ఊతం, వేసుకునే నడుస్తా, ఉద్యోగం వచ్చింది కూడా పీహెచ్, అంటే వికలాంగుల కోటాలోనే, కాబట్టి ఈ విషయం నాకు పక్కింటి గొడవ కాదు, ముందే చెప్తున్నా.

ప్రశ్న: అక్కా, నాకు లో విజన్, అంటే చూపు బాగా తక్కువ. డిగ్రీ ఫైనలియర్. సివిల్స్ రాయాలని చిన్నప్పట్నుంచీ ఆశ. ఈమధ్య మా నాన్న ఫోన్లో ఒక పాత స్క్రీన్‌షాట్ చూపించాడు, 2024లో తెలంగాణ ఐఏఎస్ అధికారి స్మితా సభర్వాల్ మేడం పెట్టిన పోస్టు అది. వైకల్యం ఉన్న పైలట్‌ని ఏ ఎయిర్‌లైన్ అయినా పెట్టుకుంటుందా, వైకల్యం ఉన్న సర్జన్‌ని మీరు నమ్ముతారా, ఐఏఎస్ ఐపీఎస్ అంటే ఫీల్డ్ వర్క్, గంటలు గంటలు పని, జనం కష్టాలు దగ్గరుండి వినాలి, దీనికి ఈ కోటా ఎందుకు అని అందులో ఉంది. "అంత పెద్దామెకి తెలీనిది నీకు తెలుసా, బ్యాంకు పరీక్షలు రాసుకో" అంటున్నాడు నాన్న. ఆయన మీద కోపం లేదు. కానీ నిజంగానే మనం చెయ్యలేమా అక్కా?
- ఒక విద్యార్థిని, నల్గొండ జిల్లా

జవాబు: చెయ్యగలం తల్లీ. ఎలాగో చెప్తా, కొంచెం పెద్ద జవాబే అవుతుంది.

ఆ పోస్టు 2024 జులైలో వచ్చింది. అప్పుడు మహారాష్ట్రలో పూజా ఖేడ్కర్ అనే ప్రొబేషనరీ ఐఏఎస్ సర్టిఫికెట్ల గొడవ దేశమంతా నడుస్తోంది, ఆ వేడిలో ఈమె ఇది రాసింది. ఎన్నో ఏళ్ల సర్వీసు ఉన్న మనిషి, జిల్లాల్లో మంచి పేరు తెచ్చుకున్న అధికారి, ఆమె మీద నాకేం కోపం లేదు, ఆ మాట మీద ఉంది.

మొదటి సంగతి, ఐపీఎస్‌లో వికలాంగుల కోటా అప్పటికే లేదు. 2021 ఆగస్టులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చి ఐపీఎస్‌ని, రైల్వే ప్రొటెక్షన్ ఫోర్స్‌ని వికలాంగుల రిజర్వేషన్ నుంచి మినహాయించింది. లేని కోటాని ఉన్నట్టు కలిపేసి అడిగితే చదివేవాళ్లకి ఏం అర్థమవుతుంది, పరిగెత్తి దొంగని పట్టుకోలేనోళ్లకి కూడా పోలీసు ఉద్యోగాలు ఇచ్చేస్తున్నారు అనే కదా. రెండోది, ఐఏఎస్‌లో కూడా గుడ్డిగా ఇచ్చేది ఏమీ లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఏ పోస్టుకి ఎలాంటి వైకల్యం ఉన్నవాళ్లు సరిపోతారో ముందే గుర్తించి పెడతారు, యూపీఎస్సీ నోటిఫికేషన్ కింద ప్రతి సర్వీసుకీ పెద్ద టేబుల్ ఉంటుంది చూడు, చూపు ఇంత, వినికిడి ఇంత, చదవగలగాలి, మాట్లాడగలగాలి అని. ఐఏఎస్ వరసలో లో విజన్ ఉంది. అంటే నువ్వు సరిపోతావని ప్రభుత్వమే రాసి పెట్టింది. పైలట్ పోలిక ఇక్కడికి ఎందుకొచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు, విమానం నడుపుతామని మనం ఎవ్వరం అడగలేదు.

ఇరా సింఘాల్ సంగతి మీ నాన్నకి చెప్పు. వెన్నెముక వంకర ఉన్న అమ్మాయి. ముందు పరీక్ష పాసై రెవెన్యూ సర్వీసుకి ఎంపికైతే, నెట్టలేవు లాగలేవు బరువులెత్తలేవు అని పోస్టింగ్ ఇవ్వలేదు. ట్రిబ్యునల్‌కి వెళ్లి గెలిచింది, ఆమధ్యలో పరీక్షలు రాస్తూనే ఉంది, 2014 సివిల్స్‌లో దేశం మొత్తానికి ఫస్ట్ ర్యాంకు, అదీ జనరల్ లిస్టులో. మన జైపాల్ రెడ్డిగారు పోలియోతో చంకల కింద కర్రలతోనే కల్వకుర్తి ఊళ్లన్నీ తిరిగి గెలిచారు, తర్వాత ఢిల్లీలో పెట్రోలియం శాఖ చూశారు, 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ అవార్డు తీసుకున్నారు. అక్కడ ఆయన కాళ్లతో పని ఎవరికి పడింది చెప్పు.

ఇంక నా సంగతి. జాయినైన రోజు నా ఆర్డరు కాపీ చూసి, తలెత్తి నన్ను చూసి, పక్కనున్న సూపరింటెండెంట్‌తో అప్పటి ఆఫీసరు ఒక్క ముక్క అన్నాడు, "ఈవిడకి ఇన్‌వర్డ్ ఇచ్చేయండి, ఫీల్డ్‌కి పంపొద్దు, మనకెందుకు తలనొప్పి" అని. తిట్టలేదు, గట్టిగా కూడా అనలేదు, ఆయన తన మనసులో జాలిపడే అన్నాడేమో కూడా. కానీ ఆ ఒక్క ముక్కతో ఎనిమిదేళ్లు నేను ఇన్‌వర్డ్ సీటు దాటలేదమ్మా. తపాలు విప్పడం, నంబరు వెయ్యడం, ముద్ర కొట్టడం, సెక్షన్లకి పంచడం. ఆఫీసర్లు మారారు, సూపరింటెండెంట్లు మారారు, "ఆమె ఫీల్డ్‌కి వెళ్లదు" అనేది మాత్రం ఎక్కడా రాయని రూలై కూర్చుంది. వెళ్తావా అని అడిగినవాళ్లు లేరు.

తర్వాత ఒక తహసీల్దారు వచ్చింది, వచ్చిన వారంలో నన్ను పిలిచి "జీపు ఎక్కగలవా" అంది, ఎక్కగలను మేడం అన్నా, "మరి రేపు పంట నష్టం ఎన్యూమరేషన్‌కి రా" అంది, అంతే. గట్ల మీద నడవలేని చోట వీఆర్వో వెళ్లి చూసొచ్చేవాడు, నేను రైతుని పక్కన పెట్టుకుని పహాణీలు సరిచూసేదాన్ని. నేను ఎక్కువసేపు నిలబడలేను కాబట్టి ఊళ్లోకి వెళ్లగానే ఎవరో ఒకరు వేపచెట్టు కిందో అరుగు మీదో మంచం వేసేవాళ్లు. కూర్చునేదాన్ని. ఆఫీసరు నిలబడి ఉంటే జనం దూరంగా చేతులు కట్టుకుని నిలబడతారు, ఎప్పుడు జీపెక్కుతాడో అని రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుంటారు. మంచం మీద కూర్చున్న మనిషి దగ్గరికి ముసలమ్మలు వచ్చి కింద కూర్చుని కొడుకు సంగతి, పాసుబుక్కు సంగతి, ఆగిపోయిన పింఛను సంగతి అన్నీ చెప్పేవాళ్లు. జనం కష్టాలు దగ్గరుండి వినాలంటే ఫిట్‌నెస్ కావాలి అన్న ముక్క చదివినప్పుడు నాకు ఆ మంచమే గుర్తొచ్చింది.

మీ నాన్న భయపడుతున్నాడు, ఆయన తప్పు లేదు. అంత పెద్ద అధికారి అన్నాక ఊళ్లో ఉండే తండ్రి నమ్మక ఏం చేస్తాడు, కుర్చీలోంచి వచ్చిన మాటతో వచ్చే చేటు అదే. నువ్వు మాత్రం రాయి. వయసులో పదేళ్ల సడలింపు ఉంటుంది, జనరల్ అయినా బీసీ అయినా తొమ్మిది అటెంప్టులు ఉంటాయి, ఎస్సీ ఎస్టీలకైతే అటెంప్టుల లెక్కే లేదు. స్క్రైబ్, అంటే నువ్వు చెప్తే పరీక్ష రాసిపెట్టే మనిషి, గంటకి ఇరవై నిమిషాల అదనపు సమయం, వీటికి నువ్వు ఎలా అర్హురాలివో నోటిఫికేషన్‌లో చదువుకుని డాక్టర్ సర్టిఫికెట్ ముందే రెడీగా పెట్టుకో, చివర్లో పరిగెత్తకు.

ప్రశ్న: మేడమ్, అధికారికి మాత్రం సొంత అభిప్రాయం ఉండకూడదా? ప్రశ్న అడిగితేనే ఇంత గొడవా? ఇలాగైతే రిజర్వేషన్ల మీద చర్చే జరగదు కదా.
- ఒక ప్రైవేటు ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: చర్చ వద్దని నేనెప్పుడూ అనను. మన దగ్గర రిజర్వేషన్ల మీద జరిగినంత లోతైన చర్చ ఇంకెక్కడ జరిగింది చెప్పండి. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా ముప్పై ఏళ్లు ఒకటే ప్రశ్న అడిగింది, ఎస్సీ కోటాలో మా వాటా ఏది అని. మాలలు ఎదురు వాదించారు, కమిషన్లు వచ్చాయి, ఎస్సీ కోటాని గ్రూపులుగా విడదీస్తూ అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం చేసిన చట్టాన్ని 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది, మళ్లీ 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల్లో ఆరుగురు వర్గీకరణ చెయ్యొచ్చన్నారు, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో మూడు గ్రూపులుగా అమలుకొచ్చింది. ఇరువైపులా ఎంత వేడి ఉన్నా వాదనంతా లెక్కల మీద, జనాభా మీద, ఎవరికి ఎన్ని ఉద్యోగాలొచ్చాయనే దాని మీద నడిచింది. "అసలు మీవాళ్లకి చేతనవుతుందా" అనే మాట అలాంటిది కాదు. దానికి అవతలివాడు ఏ లెక్క చూపిస్తాడు, తన ఒంటినే చూపించుకోవాలి.

ఇంకోటి, మీకూ నాకూ ఉన్నంత స్వేచ్ఛ ఆలిండియా సర్వీసు వాళ్లకి లేదు, వాళ్లు సంతకం పెట్టి ఒప్పుకునే చేరతారు. 1968 నాటి ప్రవర్తనా నియమావళిలోనే ఉంది, ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించే మాట అనకూడదని. 2014లో దానికే ఇంకొన్ని ముక్కలు చేర్చారు, ప్రజలతో మర్యాదగా ఉండాలి, ముఖ్యంగా బలహీన వర్గాల పట్ల స్పందన ఉండాలని. కోటా తప్పనిపిస్తే ఆమె నోట్ ఫైల్ మీద రాయొచ్చు, ప్రభుత్వానికి పంపొచ్చు, దారులున్నాయి. లక్షలమంది చూసే చోట పెడితే రేపు ఆమె కిందే పనిచేసే వికలాంగ ఉద్యోగి బదిలీ కోసమో ర్యాంపు కోసమో అర్జీ పట్టుకుని ఏ మొహంతో వెళ్తాడో మీరే ఆలోచించండి.

ప్రశ్న: నేను ఓసీ. మాకు ఎకరం భూమి కూడా లేదు, నాన్న ఆటో నడుపుతాడు. గ్రూప్స్‌లో నాలుగు మార్కులతో పోయింది, నాకంటే తక్కువ వచ్చినోళ్లకి వచ్చింది. ఆ మేడం చెప్పింది నిజమే కదా అనిపించింది, దాచుకోకుండా చెప్తున్నా. నేను చేసిన తప్పేంటి?
- ఒక నిరుద్యోగి, ఖమ్మం

జవాబు: నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు తమ్ముడూ. దాచకుండా రాసినందుకు నాకు సంతోషంగా ఉంది, ఎందుకంటే ఇలాంటి బాధ లోపల పెట్టుకుంటే అది ఎవరి మీదో ద్వేషమై బయటికొస్తుంది.

ముందు వికలాంగుల కోటా సంగతి తేల్చుకుందాం, నీ కోపం అక్కణ్నుంచి మొదలైంది కాబట్టి. నూటికి నాలుగు పోస్టులు. అంధులకి ఒకటి, వినికిడి లేనివాళ్లకి ఒకటి, కాళ్లు చేతుల వైకల్యం ఉన్నవాళ్లకి ఒకటి, ఆటిజం, మానసిక వైకల్యం, బహుళ వైకల్యం లాంటివాటన్నిటికీ కలిపి ఒకటి. ఇది పక్కన విడిగా కట్టిన గది కాదు, అన్ని గదుల్లోంచీ అడ్డంగా వెళ్లే దారి. ఎంపికైన వికలాంగుడు ఓసీ అయితే ఓసీ లెక్కలోకి, బీసీ అయితే బీసీ లెక్కలోకి, ఎస్సీ అయితే ఎస్సీ లెక్కలోకి వెళ్తాడు. నీలాగే భూమిలేని ఓసీ ఇంట్లో కాలు లేని పిల్లాడు పుడితే వాడికీ ఇదే దారి. కులాల కోటా నిలువు, వికలాంగుల కోటా అడ్డం అనే ఈ లెక్క విడమరిచి చెప్పింది 1992 ఇందిరా సహానీ తీర్పు, ఆ ప్రధాన తీర్పు రాసింది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో చేసి వెళ్లిన జస్టిస్ బి.పి.జీవన్ రెడ్డిగారే. రిజర్వేషన్లు మామూలుగా యాభై శాతం దాటకూడదనే గీతని ఖాయం చేసింది కూడా అందులోనే.

నీలాంటివాళ్ల కోసమని 2019లో రాజ్యాంగం సవరించి పది శాతం ఈడబ్ల్యూఎస్, అంటే ఓసీల్లో పేదవాళ్ల కోటా, పెట్టారు, 2022 నవంబరులో సుప్రీంకోర్టు ముగ్గురు ఇద్దరు తేడాతో దాన్ని నిలబెట్టింది. మీ ఇంటి ఆదాయం ఏడాదికి ఎనిమిది లక్షల లోపే కాబట్టి నువ్వు దానికి వస్తావు. ఆ సర్టిఫికెట్ తీసుకున్నావా? ఉత్తరంలో ఆ ముక్క లేదు, అందుకే అడుగుతున్నా, మా ఆఫీసులో ఉన్నప్పుడు చూశా, తెలియక తీసుకోని పిల్లలు చాలామంది, తీసుకుని గడువు దాటించుకున్నవాళ్లు ఇంకొందరు.

నాలుగు మార్కుల సంగతికొద్దాం. తెలంగాణ వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో పడింది, 503 పోస్టులు. అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు, పేపరు లీకైందని రద్దు. 2023 జూన్‌లో మళ్లీ రాశారు, హైకోర్టు రద్దు చేసింది. 2024లో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, మళ్లీ మొదట్నుంచి. రాష్ట్రం వచ్చి ఎనిమిదేళ్లకి మొదటి నోటిఫికేషన్ పడితే, ఏడాదికి ఒకటి చొప్పున పడి ఉంటే నువ్వు ఎన్నిసార్లు రాసి ఉండేవాడివో లెక్కేసుకో. హాస్టల్ ఫీజు కట్టలేక మధ్యలో ఊరెళ్లిపోయినవాళ్లు, హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ గదుల్లో ముప్పై దాటినవాళ్లు, వీళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉన్నారు, వికలాంగులూ ఉన్నారు. మీ అందరి ఏళ్లూ ఒకటే చోట పోయాయి. నీ పక్క గదిలో చదువుకునే పిల్లాడి దగ్గర ఆ ఏళ్లు లేవు, వాడివీ పోయాయి.

నీకంటే తక్కువ మార్కులొచ్చినవాడికి ఉద్యోగం వస్తే కడుపు మండుతుంది, మండదని నేను చెప్పను. నేను రాసినప్పుడు నాకంటే ఎక్కువ మార్కులొచ్చి ఉద్యోగం రాని అమ్మాయి మా వీధిలోనే ఉండేది, నా మొహం చూసేది కాదు. ఆమె బాధా నిజమే. నేను హైస్కూలుకి రోజూ రెండు కిలోమీటర్లు కాలిపర్ ఈడ్చుకుంటూ వెళ్లి, మూడో అంతస్తులో సైన్సు ల్యాబ్ అని సైన్సు గ్రూపే తీసుకోకపోవడమూ నిజమే. ఆ మెట్లు మార్కుల మెమోలో కనపడవు.

ప్రశ్న: నేను ఎస్సీ, ప్రభుత్వ టీచర్ని. ఈమధ్య ఒక ట్రైనింగ్‌లో వచ్చిన పెద్ద అధికారి, సబ్జెక్టు మీద ఏదో అడిగి ఎవరూ చెప్పకపోతే, "మీలో రిజర్వేషన్‌లో వచ్చినవాళ్లు ఎంతమంది, చేతులెత్తండి చూద్దాం" అన్నాడు నవ్వుతూ. హాల్లో నవ్వులు. నేను ఓపెన్ మెరిట్‌లో సెలెక్ట్ అయ్యా, చెయ్యి ఎత్తాలా వద్దా తెలీక అలాగే కూర్చుండిపోయా. ఇంటికొచ్చాక కూడా ఆ నవ్వులే. దీన్ని వదిలెయ్యమంటారా?
- ఒక ఉపాధ్యాయురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: మీ ఉత్తరం మూడుసార్లు చదివానండి. చెయ్యి ఎత్తాలా వద్దా అని మీరు కూర్చుండిపోయిన ఆ నిమిషం దగ్గరే నాకు మనసు ఆగిపోయింది. ఎత్తితే మీరు వాడుకోని కోటాని ఒప్పుకున్నట్టు, ఎత్తకపోతే పక్కన ఎత్తినవాళ్లని వదిలేసినట్టు. ఓపెన్‌లో వచ్చిన మీకే అంత నలుగుడు ఉంటే కోటాలో వచ్చి, పదేళ్లుగా పిల్లలకి బాగా చెప్పి, మంచి రిజల్టు తెస్తున్న మీ పక్క సీటామెకి ఎలా ఉండి ఉంటుంది. ఉద్యోగంలో చేరాక క్లాసులో చెప్పే పనికి కోటా ఉండదు, అందరికీ ఒకటే సిలబస్, ఒకటే ఇన్‌స్పెక్షన్, ఏడాది పనితీరు మీద రాసే రిపోర్టూ ఒకటే. అది ఆ అధికారికి తెలీక కాదు. ప్రశ్నకి జవాబు రాకపోతే అది హాలంతా రానట్టు, దాన్ని కొందరి ఖాతాలో వేశాడు.

అందరు అధికారులూ ఇలా ఉండరు. మన దగ్గరే ఎస్.ఆర్.శంకరన్‌గారు పనిచేశారు, సాంఘిక సంక్షేమ శాఖ చూశారు. 1976లో వెట్టిచాకిరీ నిషేధ చట్టం వచ్చాక ఊళ్లకి స్వయంగా వెళ్లి జీతగాళ్లతో కూర్చుని, మీరు ఇంక అప్పు కింద పని చెయ్యక్కర్లేదు, చట్టం మీ వైపుంది అని చెప్పిన మనిషి. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 2010లో పోయారు, ఇప్పటికీ ఎస్సీ పల్లెల్లో పాతవాళ్లు ఆయన పేరు చెప్తే లేచి నిలబడతారు. ఆయనా ఐఏఎస్సే, ఆయన నోటి నుంచి వచ్చిందీ ఒక మాటే. ఆ మాట విని జీతగాడు దొర ముందు తలెత్తాడు. మీ హాల్లో ఆ అధికారి మాట విని ఒక టీచరు తలదించుకుంది.

వదిలెయ్యాలా అంటే, అది మీ ఇష్టం, మీ ఓపిక, ఎవరూ మిమ్మల్ని బలవంతం చెయ్యకూడదు. వదలకూడదు అనుకుంటే ఇవాళే ఒక కాగితం మీద తేదీ, టైము, హాలు, ఆయన అన్న ముక్క అన్నట్టుగా, పక్కన కూర్చున్న ఇద్దరి పేర్లు రాసి పెట్టుకోండి, నెల తర్వాత ఎవరికీ సరిగ్గా గుర్తుండదు. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసు అంటే నలుగురిలో అన్నట్టు, కులం పట్టుకుని కావాలని అవమానించినట్టు రుజువవ్వాలి, కులం పేరు ఎత్తకుండా రిజర్వేషన్ అన్నాడు కాబట్టి లాయరు చూసి చెప్పాల్సిన సంగతి. కేసు దాకా వెళ్లకపోయినా మీ సంఘం తరఫున ఆయన పైఅధికారికి ఫిర్యాదు ఇవ్వొచ్చు, ఎస్సీ కమిషన్‌కి రాయొచ్చు. నలుగురు టీచర్లు కలిసి సంతకం పెడితే ఇంకా మంచిది, అందులో ఓసీ టీచర్లు ఇద్దరుంటే మరీ మంచిది. ఆరోజు నవ్వినవాళ్లలో ఒక్కరైనా సిగ్గుపడి ఉంటారని నా నమ్మకం, అడిగి చూడండి.

ప్రశ్న: దొంగ సర్టిఫికెట్లతో చెవిటివాళ్లమని చెప్పి ఉద్యోగాలు కొట్టేస్తున్నారు, పూజా ఖేడ్కర్ కేసు చూశాం కదా. అలాంటప్పుడు కోటా తీసెయ్యడమే న్యాయం.
- రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

జవాబు: అయ్యా, పూజా ఖేడ్కర్ ఎంపికని యూపీఎస్సీ 2024 జులై 31న రద్దు చేసింది, తర్వాత కేంద్రం ఆమెని సర్వీసు నుంచే తీసేసింది. మీరు బ్యాంకులో చేశారు కాబట్టి అడుగుతున్నా, దొంగ పత్రాలతో ఎవరో లోను తీసుకుంటే రైతులకి లోన్లు ఆపెయ్యమని మీరెప్పుడైనా రాశారా? పత్రం చూసినవాణ్ని, ఇచ్చినవాణ్ని పట్టుకోమంటారు.

దొంగ సర్టిఫికెట్ వల్ల పోయే పోస్టు ఎవరిదనుకున్నారు, నిజంగా వినపడని పిల్లాడిది. అందుకే మీకంటే మాకే దాని మీద ఎక్కువ కోపం. కానీ ఒకసారి సదరం క్యాంపుకి, అంటే వైకల్యం ఎంత శాతమో కొలిచి సర్టిఫికెట్ ఇచ్చే చోటికి, వెళ్లి చూడండి సార్. నేను మా అక్క మనవణ్ని తీసుకుని ఒక ఆస్పత్రికి వెళ్లా. స్లాటు తొమ్మిదింటికి, మా నంబరు పిలిచేసరికి రెండున్నర. వరండాలో బెంచీలు రెండే, నిలబడలేనివాళ్లకి పెట్టిన క్యాంపులో నిలబడే క్యూ. ఒక తల్లి పద్నాలుగేళ్ల కొడుకుని వీపు మీద మోసుకొచ్చింది, వాడి కాళ్లు ఆమె మోకాళ్లు దాటి వేలాడుతున్నాయి, దించితే మళ్లీ ఎత్తుకోలేనని ఆమె గోడకి ఆనుకుని అలాగే నిలబడింది. లోపల డాక్టరు టేపుతో రెండు కాళ్ల పొడవు కొలిచి, పిక్క నొక్కి, పాదం అటూ ఇటూ తిప్పి, ఒక అంకె రాశాడు. నలభై శాతమో ఆపైనో వస్తే ఉద్యోగ కోటాకి మనిషి, ముప్పై ఎనిమిది అయితే కాదు. మావాడికి నలభై రెండు వచ్చింది. మా వెనక వచ్చినామెకి ఎంతొచ్చిందో తెలీదు, ఏడుస్తూ బయటికొచ్చింది. 2025లో ఆంధ్రాలో పింఛన్ల కోసం మళ్లీ పరీక్షలు పెట్టినప్పుడు మంచానపడ్డవాళ్లని కూడా ఆటోల్లో తీసుకెళ్లాల్సి వచ్చింది. దొంగని పట్టుకోవాలనే పేరుతో అందరూ పడే కష్టం ఇది.

పెద్ద అధికారులు ఒక కేసు చూసి కోటానే తప్పుపడితే రేపు ఆ టేపు పట్టుకున్న డాక్టరు చెయ్యి కూడా కొంచెం బిగుస్తుంది, నలభై రెండు వెయ్యాల్సిన చోట ముప్పై ఎనిమిది వేస్తే తనకి సేఫ్ అనుకుంటాడు. తనిఖీ గట్టిగా చెయ్యండి, మెడికల్ బోర్డుని జవాబుదారీ చెయ్యండి, అమ్ముకున్న డాక్టరుని జైల్లో పెట్టండి, మొదటి సంతకం నాదే.

ప్రశ్న: వికలాంగులు అనాలా, దివ్యాంగులు అనాలా? ఏదన్నా తప్పంటున్నారు.
- ఒక తెలుగు లెక్చరర్, రాజమండ్రి

జవాబు: నన్నడిగితే నా పేరుతో పిలవండి. ఒక గుంపుగా చెప్పాల్సి వస్తే వికలాంగులు అన్నా నాకు బాధ లేదు, పుట్టినప్పట్నుంచీ విన్న మాట. దివ్యాంగులు అనేది 2015 చివర్లో ప్రధాని అన్నాక వచ్చింది, కొందరికి నచ్చింది, నా కాల్లో దివ్యమైంది నాకేమీ కనపడలేదు. కుంటి, గుడ్డి, చెవిటి అని ఎగతాళిగా మాత్రం అనకండి. 2024 జులై 8న సుప్రీంకోర్టు సినిమాల గురించి చెప్తూ ఇదే అంది, కించపరిచే మాటలు వాడొద్దు, మనిషిని లోపంగా చూపించొద్దని. ఆ తీర్పు వచ్చిన రెండు వారాలకే ఆ పోస్టు పడింది, అది ఇంకా బాధ.

ప్రశ్న: మా తమ్ముడికి వినపడదు, కలెక్టరేట్ కింద ఒక ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. మీటింగులో ఆఫీసరు అందరి ముందు "వీడికి చెప్పడం గోడకి చెప్పడం ఒకటే, కోటాలో పంపిస్తారు, మనం మొయ్యాలి" అన్నాడట. వాడికి వినపడలేదు, పక్కనోళ్లు నవ్వితే వాడూ నవ్వాడట. తర్వాత ఎవరో కాగితం మీద రాసి చూపిస్తే తెలిసింది. అప్పట్నుంచి ఆఫీసుకి వెళ్లనంటున్నాడు. ఏం చెయ్యాలి?
- ఒక అక్క, కరీంనగర్

జవాబు: అమ్మా, ముందు వాణ్ని సెలవు చీటీ పెట్టకుండా ఇంట్లో కూర్చోనివ్వకండి. చెప్పకుండా మానేస్తే రేపు మెమో వాడికే వస్తుంది, అవమానించినవాడు హాయిగా ఉంటాడు. ఒక వారం సెలవు పెట్టించండి.

ఈ వారంలో చెయ్యాల్సినవి చెప్తా. రాసి చూపించిన ఆ కాగితం దొరికితే దాచండి. రాసిన ఆ మనిషి మంచివాడు, సాక్షిగా నిలబడతాడేమో మెల్లగా అడగండి, భయపడితే బలవంతం చెయ్యొద్దు. 2016 చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ ఆఫీసులోనూ వికలాంగ ఉద్యోగుల ఫిర్యాదులు చూసే అధికారి ఒకరు ఉండాలి, ఎవరో తెలీకపోతే ఆర్టీఐ పెట్టి అడగండి, లేకపోతే లేరనే జవాబు కూడా మీకు పనికొచ్చేదే. ఆ అధికారికి ఒక ఫిర్యాదు, రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి ఒక కాపీ. నలుగురిలో కావాలని కించపరిస్తే ఆ చట్టం 92వ సెక్షన్ కింద ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష ఉంది, ఆ సెక్షన్ నంబరు ఫిర్యాదులో రాయండి.

అదే ఫిర్యాదులో రెండో పేరా పెట్టండి, నాకు ఆదేశాలు రాతలో ఇవ్వండి, మీటింగు విషయాలు మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో పంపండి, వీలైతే సైగల భాష వచ్చినవాళ్లని పిలవండి అని. ఆఫీసు చెయ్యాల్సిన సర్దుబాటు అది, దయ ఏమీ కాదు, చట్టంలో ఉంది. అది ఇవ్వకుండా గోడకి చెప్పినట్టుంది అంటే గోడ కట్టింది ఆఫీసే.

తమ్ముడితో నేను మాట్లాడతా, వాట్సాప్‌లో రాసుకుంటాం. మీ నంబరు పత్రిక ఆఫీసులో ఉంది, ఈ ఆదివారం మెసేజ్ పెడతా. ఫిర్యాదు డ్రాఫ్టు వాణ్నే రాయమనండి, జూనియర్ అసిస్టెంటు కదా, నోట్ ఫైల్ రాసే చెయ్యే, నేను దిద్ది పంపిస్తా. ఇన్‌వర్డ్‌లో ఇచ్చేటప్పుడు మాత్రం రెండో కాపీ మీద ముద్ర, నంబరు వేయించుకుని ఇంటికి తెచ్చుకోమనండి.